చడావు దగ్గర దిగే మాస్టర్

రామచందర్ ఆబిడ్స్‌లో ఒక దర్జీ దుకాణంలో కటింగ్ మాస్టర్. మెడలో టేపు, జేబులో సుద్దముక్క, తొంభై కిలోల ఒళ్లు. ఆయన కత్తిరించిన కోటు వేసుకుంటే గుమాస్తా కూడా కలెక్టర్‌లా కనబడతాడని నాంపల్లిలో పేరు. తన కోటుకు మాత్రం పై గుండీ ఉండేది కాదు. కూతురు నళిని అడిగితే, "ఊళ్లెవాళ్ల గుండీలైనంక కుట్టుకుంట" అనేవాడు. ఆ గుండీ ఆయన పోయేదాకా కుట్టుకోనేలేదు.

1964లో నళినికి తొమ్మిదేళ్లు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీ నుంచి నలుగురు ఆడపిల్లలు అంజయ్య రిక్షాలో ఆబిడ్స్ బడికి పోయేవారు. ఇద్దరు సీటు మీద, ఇద్దరు ఎదురుగా చెక్క మీద. దారిలో రోడ్డు ఎత్తెక్కే చోటు ఒకటుంది. దాన్ని అందరూ చడావు అనేవారు. అక్కడికి రాగానే నళిని దూకేది. ఆమెను చూసి మిగతా ముగ్గురూ. నలుగురూ వెనక నుంచి తోసేవారు. తోయడం కంటే నవ్వడమే ఎక్కువ. ఒకరి చెప్పు ఊడేది, ఇంకొకరి టిఫిన్ డబ్బా దొర్లుకుంటూ కిందికి పోయేది, దాని వెనక అందరూ పరుగు. బడికి చేరేసరికి ప్రార్థన సగం అయిపోయేది.

"దిగకున్రి తల్లీ, మీరు తోస్తే నాకు ఇంకింత బరువైతది" అని అంజయ్య మొత్తుకునేవాడు. నళిని వినేది కాదు. అన్నానికి ముందు చేతులు కడుక్కోవడంలాగే, చడావు దగ్గర దిగడం కూడా ఆమె ఎప్పుడు నేర్చుకుందో గుర్తులేని పని.

హెడ్‌మిస్ట్రెస్ శేషారత్నం గారు బందరు నుంచి వచ్చి ఎనిమిదేళ్లయింది. ఆలస్యం అన్న మాటే ఆమెకు పడదు. ఒక శనివారం నళిని చేతికి చీటీ ఇచ్చారు. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఈ రిక్షావాణ్ణి గేటు దగ్గరికి రానివ్వరు, పిల్లలకు వేరే రిక్షా మాట్లాడుకోవాలి.

ఇంటికొచ్చి చీటీ ఇస్తూ నళిని ఏడ్చింది. అంజయ్య పని పోతే అది తన వల్లే.

రామచందర్ చీటీ రెండుసార్లు చదివాడు. "రిక్షా దిగి తోసుడేంది బిడ్డా? గీ ఆదత్ నీకెవరు నేర్పిన్రు?"

నళినికి తెలియలేదు. తల్లి విద్యావతి బెండకాయలు తరుగుతూ భర్త వంక ఒకసారి చూసి, మళ్లీ కత్తిపీట మీదికి వంగింది.

"ఫికర్ చెయ్యకు. సోమవారం నేనే వస్త. ఎవరు దిగుతరో చూస్త."

సోమవారం సీటంతా ఆయనే నిండిపోయాడు. మిగిలిన అంచు మీద నళిని, ఎదురుగా చెక్క మీద ముగ్గురూ ఇరుక్కున్నారు.

"మాస్టర్ సాబ్, మీరొస్తున్నట్టు నా టైర్లకు చెప్పిన్రా?" అన్నాడు అంజయ్య.

"బాతాఖానీ బంద్ చేసి తొక్కు."

చడావు మొదలైంది. రిక్షా నెమ్మదించింది.

"ఇనున్రి. ఇయ్యాల ఎవ్వరు దిగొద్దు. కూసున్నోళ్లు కూసున్నట్టే ఉండాలె. పాపం అంజయ్య పని పోతే మీకు మంచిగుంటదా?" అంటూనే రామచందర్ దిగాడు. ఎడమ చెయ్యి రిక్షా టాపు మీద వేసి, పక్కనే నడుస్తూ, తోస్తూ, "సమజైందా అందరికి?" అన్నాడు.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మరి నువ్వెందుకు దిగినవ్ నాయినా?" అంది నళిని.

"నేనేడ దిగిన?" అని కిందికి చూసుకున్నాడు. చెప్పులు రోడ్డు మీదే ఉన్నాయి.

అంజయ్య తొక్కడం ఆపి నవ్వడం మొదలుపెట్టాడు. "పదేండ్ల సంది గీన్నే దిగుతున్నరు మాస్టర్ సాబ్. మీకే ఎరుక లేదా? బిడ్డ చిన్నగున్నప్పుడు సంకల ఎత్తుకొని మరీ దిగుతుంటిరి."

రామచందర్ మళ్లీ తన చెప్పుల వంక చూసుకున్నాడు. తరువాత ఆయన పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, ఆ నవ్వు ఆగలేదు. అప్పటికి పిల్లలంతా దిగి రిక్షా వెనక చేరారు. ఐదుగురూ తోస్తే రిక్షా ఎగిరినట్టే ఎక్కింది. అయినా బడి గంట మోగిపోయింది.

గేటు దగ్గర శేషారత్నం గారు నిలబడి ఉన్నారు. "మీరే స్వయంగా వచ్చారు కదండీ. అయినా ఆలస్యమేనా?"

నళిని తండ్రి కోటు అంచు పట్టుకుంది.

"కసూర్ అంజయ్యది కాదు మేడం. పిల్లలది గూడ కాదు. నాది" అని రామచందర్ జరిగిందంతా చెప్పాడు. "నేనేం నేర్పలే అనుకున్న. బిడ్డ పుట్టినకాడి నుంచి నేర్పిన్నట."

ఆమె పెదవులు బిగించారు. నవ్వు ఆపుకోవడానికేనని నళినికి అర్థమైంది.

"ఆలస్యం ఆలస్యమేనండీ. దిగొద్దని చెప్పడం మీ వల్లయ్యే పని కాదు. పోనీ పది నిమిషాలు ముందు బయల్దేరడం అవుతుందా?"

"ఔ మేడం."

"అయితే ఈ అంజయ్యనే రానివ్వండి."

ఎనిమిదింటిదాకా దుప్పటి వదలని రామచందర్, మర్నాటి నుంచి ఏడున్నరకే మూతికి పళ్లపొడితో గల్లీలో నిలబడి "చలో, చలో" అని పిల్లలను కేకేసేవాడు. ఆ ఏడు మళ్లీ చీటీ రాలేదు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం తండ్రీకూతుళ్లు రిక్షాలో ఆబిడ్స్ పోతున్నారు. చడావు దగ్గర వాళ్ల ముందు ఒక ఖాళీ రిక్షా మెల్లగా ఎక్కుతోంది. దాని పక్కనే శేషారత్నం గారు గొడుగు పట్టుకుని, రిక్షావాడితో ఏదో మాట్లాడుతూ నడుస్తున్నారు.

"నాయినా, గాడ చూడు, మేడం."

"చూడకు బిడ్డా. చూస్తే సిగ్గుపడి ఎక్కుతరు" అన్నాడు రామచందర్. ఆయన అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు.