మేడమ్ అతికించిన కవరు

ఆగస్టు తొమ్మిది, బుధవారం. ఆ రోజు నన్ను మొదట ఆశ్చర్యపరిచింది ఆఫీసు షట్టరుకు వేలాడుతున్న తాళం. సికింద్రాబాద్ కార్ఖానా ప్రాంతంలోని మా ఆఫీసుకు రెండేళ్లుగా పొద్దున ఏడు గంటల షిఫ్టుకు వస్తున్నాను, మధ్యాహ్నం నుంచి డిగ్రీ కాలేజీ. ఈ రెండేళ్లలో ఆ తాళం ఏ రంగులో ఉంటుందో కూడా నాకు తెలియదు. ఆరూ ముప్పావుకల్లా మా సూపర్‌వైజర్ మేడమ్ వచ్చి దాన్ని తీసేసేవారు.

వాచ్‌మన్ తాత మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“మేడమ్ లేదు బిడ్డా. తెల్లారంగ గుండెల నొస్తుందన్నదంట. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది.”

మాది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసు. అమెరికాలో డాక్టర్లు రోగి గురించి చెప్పి రికార్డు చేసినది చెవిలో పెట్టుకుని విని, మేం రిపోర్టుగా టైపు చేస్తాం. ఇప్పుడు సికింద్రాబాద్‌లో వీధికొకటి ఇలాంటిది ఉంది. మేం కొట్టిన ప్రతి రిపోర్టూ మేడమ్ చదివి, సరిదిద్ది, తన లాగిన్ నుంచి పంపాలి. అది దాటితే ఇక రోగి మంచం దగ్గరికే.

మేడమ్‌ది శ్రీకాకుళం వైపు. కంప్యూటర్లు రాకముందు ఇక్కడి రెజిమెంటల్ బజార్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు. అప్పట్లో రహస్యపు ఉత్తరాలు ఆమెకే ఇచ్చేవారట. ఉత్తరం కవరులో పెట్టాక, వాడిన కార్బన్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, రెండు ముక్కలు ఒక బుట్టలో, రెండు ఇంకో బుట్టలో వేసేవారట. “కార్బను వెలుగుకి పెడితే ఉత్తరమంతా చదివీయొచ్చమ్మా. ఎవరికీ తోచదు,” అనేవారు. మా ఆఫీసులో కార్బన్ లేదు. అయినా ఆ చేతుల అలవాటు పోలేదు. ప్రింటరులో పాడైన కాగితం కూడా ముక్కలై రెండు బుట్టల్లోకి వెళ్లేది.

మంచినీళ్లకు లేచినా స్క్రీన్‌కు తాళం వేయాలని ఆమె నియమం. మరిచిపోతే అరిచేవారు కాదు. తిరిగి వచ్చేసరికి మన స్క్రీన్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వాక్యం ఒకటి కనిపించేది: మీ ఇంటికొచ్చి కూర్చున్నాను, ఎవరూ లేరు, వెళ్లిపోతున్నాను. చుట్టూ నవ్వులు. అలాంటి చీటీ రెండుసార్లు అందుకున్నవాళ్లు మూడోసారి అందుకోలేదు. దసరాకు ఆయుధ పూజ రోజున మేం కంప్యూటర్లన్నీ వెలిగించి, ఫైళ్లు తెరిచే ఉంచి, పసుపూ కుంకుమా పెట్టేవాళ్లం. ఆపేసిన యంత్రానికి పూజేమిటని మా వాదన. ప్రసాదానికి ఇంటివాళ్లూ పక్క ఆఫీసులవాళ్లూ వచ్చి రోగుల పేర్ల ముందే నిలబడేవాళ్లు. నిరుడు మేడమ్ ముందు వరసగా అన్ని స్క్రీన్లకూ తాళం వేసి, తరవాతే హారతి వెలిగించారు. “అమ్మోరికి పాస్‌వర్డు అక్కర్లేదు. వచ్చినోళ్లకి రిపోర్టులూ అక్కర్లేదు,” అన్నారు.

ఇక నా తప్పు గురించి రాయాలి. అది రాయకపోతే మేడమ్ గురించి రాసినట్టు కాదు.

మా ఆఫీసులో లాగిన్ అయిన సమయమే హాజరు. బస్సు ప్యారడైజ్ చౌరస్తాలో ఇరుక్కుంటే పావుగంట ఆలస్యం, నెలలో మూడు ఆలస్యాలకు సగం రోజు సెలవు పోయేది. అందుకని మేమంతా ఒకరి పాస్‌వర్డ్ ఒకరం దగ్గర పెట్టుకునేవాళ్లం. చెప్పకపోతే నమ్మకం లేనట్టు. ముందు వచ్చినవాళ్లు వెనక వచ్చేవాళ్ల సీట్లలో కూడా లాగిన్ చేసేవాళ్లు. దాన్ని మేం స్నేహం అనుకున్నాం.

ఒకరోజు నా పక్క సీటు స్నేహితురాలు నా పేరుతో లాగిన్ చేసి, తన సీటుకు వెళ్లడం మరిచి, అక్కడే ఒక రిపోర్టు కొట్టేసింది. అందులో ఐదు మిల్లీగ్రాముల మందు యాభై అయింది. పంపేముందు మేడమ్ పట్టుకున్నారు. నన్ను పిలిచి, ఇది నువ్వు కొట్టిందేనా అని అడిగారు. స్నేహితురాలి ఉద్యోగం పోతుందేమోనని అవునన్నాను. మేడమ్ కిటికీ వైపు చూపించారు. రిపోర్టు మీద సమయం ఏడూ పది. ఏడూ ఇరవైకి నేను బస్సు దిగడం ఆమె ఆ కిటికీలోంచే చూశారు.

“నీ పేరు మీద ఎవరు కొట్టినా నువ్వు కొట్టినట్టేనమ్మా,” అన్నారు మెల్లగా. “ఆ మందు మింగేవోడికి మీ స్నేహం సంగతి తెల్దు కదా.”

నాకు ఏడుపు వచ్చింది. ఆమె ఓదార్చలేదు, పైకి ఫిర్యాదూ చేయలేదు. ఆలస్యాల లెక్క సడలించమని సార్‌తో, అంటే మా యజమానితో, తనే మాట్లాడి ఒప్పించారు. తరవాత అందరినీ కూర్చోబెట్టి కొత్త పాస్‌వర్డ్‌లు పెట్టుకోమన్నారు. పేర్లూ పుట్టినరోజులూ వద్దు. ఎవరితోనూ ఎప్పుడూ పైకి అనని ఒక వాక్యం మనసులో అనుకుని, ప్రతి మాటకూ మొదటి అక్షరం తీసుకోవాలి, మధ్యలో ఒక అంకె ఉండాలి. మచ్చుకు తనే ఒకటి చెప్పారు: మా చెల్లి మూడు చీరలు కొంది, ఒకటీ నాకివ్వలేదు. ఇది మాత్రం ఎవరూ పెట్టుకోవద్దన్నారు.

మర్నాడు ఆమె నా స్నేహితురాలి కంప్యూటర్ ముందు కూర్చుని ఆ చీరల వాక్యం అక్షరాలే కొట్టి చూశారు. తెరుచుకుంది.

“గుర్తుంటదని పెట్టిన మేడమ్,” అంది నా స్నేహితురాలు తలవంచుకుని.

“అందరికీ గుర్తుంటాదమ్మా, అదే కదా బాధ,” అన్నారు మేడమ్. ఆ రోజంతా నా స్నేహితురాలి పేరు మూడు చీరలు.

నేను మాత్రం మేడమ్ చెప్పిన సాయంత్రమే నోటుపుస్తకంలో ఇరవై వాక్యాలు రాశాను. ఎవరితోనూ అనని వాక్యం అనేసరికి, నేను ఎన్నో అనుకుంటానని, వాటికి మాటలు వెతుక్కోలేదని తెలిసింది. పాస్‌వర్డ్ కోసం ఒకటి సరిపోయింది. మిగిలిన పంతొమ్మిదీ నాకు రాయడం నేర్పాయి. మీరిప్పుడు చదువుతున్నది వాటి వెంట నడిచి వచ్చినదే.

ఆ బుధవారమే అందరం యాప్రాల్‌లో మేడమ్ ఇంటికి వెళ్లాం. ఎప్పటి నలిగిన నీలం సంచీ మేకుకు వేలాడుతోంది. మేడమ్ పాస్‌వర్డ్ లేకుండా ఆఫీసు పని ఎలా అని ఎవరో అడగబోతే ఆమె భర్త తల అడ్డంగా ఊపారు. “తన ఏటీఎం నంబరు నాకే చెప్పలేదు బాబూ,” అన్నారు. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

కానీ మేడమ్ ఆఫీసును అలా వదిలి వెళ్లలేదు. ప్రతి నెలా మొదటి రోజున తన కొత్త పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి అతికించి, అతుకు మీదుగా సంతకం చేసి, దాని పైన టేపు వేసి బీరువాలో పెట్టేవారు. కవరు మీద ఒకే మాట: యజమాని, పొద్దుటి షిఫ్టు సీనియరు, ఇద్దరూ ఎదురుగా ఉన్నప్పుడే తెరవాలి. సీనియరును నేనే. సార్ అమెరికాలో ఉన్నారు. మేడమ్ భర్త ఇచ్చిన తాళంచెవితో ఆఫీసు తెరిచాం కానీ, మేం కొట్టిన రిపోర్టులు పంపే దారి లేక పేరుకుపోతున్నాయి.

శుక్రవారం పొద్దున ఆఫీసుకు ఫోను వచ్చింది. గరగరమంటున్న గొంతు, తెలియని నంబరు. సార్‌నని, కవరు చించి అందులో ఉన్నది చదవమని. ఫోన్‌లో పాస్‌వర్డ్ అడిగితే పెట్టేసి, మనకు తెలిసిన నంబరుకు మనమే చేయాలని మేడమ్ చెప్పేవారు. అలాగే చేశాను. సార్ రాసిచ్చి వెళ్లిన హోటల్ నంబరుకు చేస్తే నిజంగానే సార్.

“నా గొంతు గుర్తుపట్టలేదా? క్లయింటు పోయేటట్టున్నడు. కవరు తెరువు.”

“ఇద్దరు ఉండాలని రాసుంది సార్.”

“నేను ఫోన్ల ఉన్న కదా.”

“ఫోన్లో ఉంటే ఎదురుగా ఉన్నట్టు కాదు సార్.”

“ఉద్యోగం ఉండాల్నా వద్దా నీకు?”

ఉండాలి. కాలేజీ ఫీజూ, బస్సు పాసూ, నేను కొనుక్కునే పుస్తకాలూ అన్నీ ఆ జీతంలోంచే. కానీ ఆ క్షణంలో నాకు కిటికీ కనిపించింది, ఏడూ పది కనిపించింది. ఉండాలి సార్ అన్నాను, కవరు మాత్రం తెరవను అన్నాను.

“మేడమ్ ఉంటే ఏమంటుండె?” అని అడిగారు సార్.

“ఇదే అనేవారు సార్.”

క్లయింటుకు తనే నచ్చజెబుతానని, ఆదివారం దిగి సోమవారం ఏడింటికల్లా ఆఫీసులో ఉంటానని, అంతదాకా బీరువా ముట్టుకోవద్దని చెప్పి పెట్టేశారు. ఆ గొంతులో కోపం సగానికి తగ్గింది.

ఇవాళ ఆదివారం. ఆ కవరులో ఉన్న కాగితం మేడమ్ చేతిరాతలో మా ఆఫీసుకు మిగిలిన చివరి ముక్క. అందులో ఉండేవి అక్షరాలూ ఒక అంకే. వాటి వెనకున్న వాక్యం ఎవరితోనూ అనకుండా ఆమె తీసుకుపోయారు. కాగితం దాచుకోవాలని నాకు చాలా ఉంది. దాచుకోను.

రేపు పొద్దున ఆరూ ముప్పావుకు షట్టరు తాళం నేను తీస్తాను. సార్ వచ్చాక, ఆయన ఎదుట టేపు కోస్తాను. మేడమ్ అక్షరాలు ఒక్కసారి కొట్టి, వెంటనే మార్చేసి, నేను అనుకున్న కొత్త వాక్యం పెడతాను. కొత్త కవరు అతికించి అతుకు మీదుగా సంతకం చేస్తాను. ఆమె కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, రెండు ఈ బుట్టలో, రెండు ఆ బుట్టలో వేస్తాను.