తువాల పడ్డ సీటు

మక్తల్ గొర్రెల సంఘం సభ్యుడు బీరప్పకు కులవృత్తి గొర్రెలు, సొంత వృత్తి అసూయ. మేనబావ ఐలేశం పొట్టేలుకు కొమ్ములు బాగా పెరిగినా అవి తననే పొడిచినట్టు బాధపడేవాడు. గొర్రెల పెంపకం చూసి రమ్మని సంఘం వాళ్లిద్దరినీ ఆస్ట్రేలియా పంపడంతో ఆ బాధ అంతర్జాతీయ స్థాయికి చేరింది.

ముందే వచ్చిన టికెట్లలో ఐలేశానికి అత్యవసర ద్వారం పక్క సీటు దొరికింది. కాళ్లు ముందుకు చాపుకోవడానికి బోలెడు జాగా. బీరప్పకు దక్కింది చిట్టచివరి వరుసలో నడిమి సీటు. మూడు రోజులు అతనికి అన్నం సయించలేదు.

అందుకే విమానం ఎక్కగానే బీరప్ప ముందుకు ఉరికి, మక్తల్ బస్సులో సీటు ఆపుకున్నట్టే, బావ సీటు మీద తువాల వేసి కూర్చున్నాడు.

"గది నా సీటు బావా. కాయితం మీద రాసుంది సూడు," అన్నాడు ఐలేశం.

"కాయితం నీదే. తువాల ఎవలది?"

పాలమూరులో పుట్టినవాడెవడూ ఈ వాదాన్ని కాదనలేడు.

"సరే తీ, నువ్వే కూసో," అని ఐలేశం వెనక్కి పోయాడు.

విమానం పైకి లేచింది. బావ ఎట్లా నలుగుతున్నాడో కళ్లారా చూద్దామని బీరప్ప వెనక్కి వెళ్లాడు. చివరి వరుసలో అటూ ఇటూ కూర్చోవాల్సిన ఇద్దరూ విమానం ఎక్కనే లేదు. ఐలేశం మూడు సీట్ల మీద అడ్డంగా పండుకొని, దుప్పటి కప్పుకొని గుర్రు పెడుతున్నాడు.

మిగిలిన పన్నెండు గంటల్లో, బావ ఇంకా లేవలేదా అని బీరప్ప పదకొండుసార్లు వెళ్లి చూసొచ్చాడు. కాళ్లు చాపుకునే తీరిక అతనికి దొరకలేదు.