పక్కింటి ఖాలా పిట్టలు

మదనపల్లెలో మా పక్కింటి ఖాలా ఇంట్లో ఉర్దూ మాట్లాడినా, పెంచుకునే ఫించ్ పిట్టలతో మాత్రం తెలుగే మాట్లాడేది. "పుంగనూరులో తెలుగోళ్లింట్లో పుట్టినయ్ కదమ్మా, వాటికి ఉర్దూ యాడ తెలుస్తాది?" అనేది నాతో.

ఒకసారి పిల్ల గుడ్డులోంచి బయటపడిన మరునాడే తల్లిపిట్ట చచ్చిపోయింది. ఖాలా ఉడికించిన పచ్చసొనను మెత్తగా మెదిపి పుల్లతో అందించినా పిల్ల నోరు తెరవలేదు. "తినమ్మా, నేనుండాను కదా" అని బతిమాలింది. చివరికి, "మనల్ని సూసి మొగపిట్ట బెదురుతాండాదేమో" అంటూ నన్ను బయటికి లాక్కొచ్చింది.

తలుపు సందులోంచి చూస్తున్నాం. మగపిట్ట గూటి అంచున వాలి, పిల్ల నోటికి మేత అందించింది.

"సూడమ్మా, నాయన పెడతాండాడు!" ఖాలా గంతేసింది. ఆ సాయంత్రం వీధిలో కనబడినవాళ్లందరినీ పిలిచి, ఒక్కొక్కరికే ఆ సందులోంచి చూపించింది.