పడవ పంకాకు నేను చేసిన జాలీ

నలుగురి ముందు నా పరువు చెరువుపాలైన కథ చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒక్కమాట ముందే చెబుతున్నాను: తప్పు జాలీది కాదు. ఇన్నేళ్లుగా ఈ మాట మీదే ఉన్నాను.

తొంభైల చివర్లో లాల్‌దర్వాజా దగ్గర ఓ సందులో నాకు చిన్న వెల్డింగ్ షాపు ఉండేది. టేబుల్ ఫ్యాన్లకు, కూలర్లకు ఇనుప జాలీలు చేసేవాణ్ణి. పాతబస్తీలో తిరిగే ప్రతి రెక్కకూ నేనే కాపలా అన్నంత పొగరు. అలాంటి నన్ను వెతుక్కుంటూ ఖాదర్ భాయ్ వచ్చాడు. ఆయన దగ్గర్లోని చెరువులో జనాన్ని చిన్న మోటారు పడవలో తిప్పేవాడు. ఆ మధ్య ఈత కొడుతున్న ఒకతనికి పడవ పంకా తగిలి మడమ చీరుకుపోయిందట. పంకాకు రక్షణ పెట్టి, నడిపి చూపించేదాకా పడవ కదలకూడదని ఆఫీసరు చెప్పి వెళ్లాడట. ఖాదర్ భాయ్ ఇల్లు నడిచేదే ఆ పడవ మీద.

"తమ్మీ, నీళ్లల్ల తిరిగే పంకా ఇది. నీతోని అయితదా?" అన్నాడు.

"గాలిల తిరిగినా పంకనే, నీళ్లల్ల తిరిగినా పంకనే. ఫికర్ చెయ్యకు భాయ్," అన్నాను.

మీరు నవ్వుతున్నారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు మరి.

వేలు కూడా కష్టంగా దూరేంత దగ్గర తీగలతో, పంకా చుట్టూ బోనులాంటి జాలీ చేశాను. పడవను ఒడ్డున కట్టేసి, మోటారు తిప్పి, కాలికి బదులు ఓ ఆనపకాయను కర్రకు గుచ్చి పంకా మీదికి తోశాను. జాలీ లేనప్పుడు కాయ కూరకు తరిగినట్టు ముక్కలైంది. జాలీ బిగించాక ఇంకో కాయ పెడితే తొక్క మీద గీత పడలేదు. ఖాదర్ భాయ్ నన్ను కౌగలించుకున్నాడు. నడిపి కూడా చూద్దామని ఆయన నసిగితే, అక్కర్లేదని నేనే కొట్టిపారేశాను.

ఆఫీసరు వచ్చాడు. కోస్తావాడు, మెతక మనిషి. ముగ్గురం పడవెక్కాం. మోటారు లారీలా అరిచింది. పడవ మాత్రం కదిలీ కదలనట్టు కదిలింది. బోనాల ఊరేగింపులో ఏనుగు అంతకంటే తొందరగా నడుస్తుంది. కాస్త దూరం పోయేసరికి చెరువులోని గుర్రపుడెక్క ఆకులు జాలీ తీగల నిండా పేరుకుని, అదీ ఆగిపోయింది.

"ఏవండీ, ఇది కదలడం లేదేంటి?" అన్నాడు ఆఫీసరు.

"కదలని పడవ ఎవ్వర్నీ కొయ్యదు సార్," అన్నాను.

ఖాదర్ భాయ్ ముఖం వాడిపోయింది. నాకు మాత్రం పౌరుషం తన్నుకొచ్చింది. పడవలో ఆరేసిన ఖాదర్ భాయ్ లుంగీ కట్టుకుని, ప్యాంటు మడిచి పక్కన పెట్టి, నడుం లోతు నీళ్లలోకి దిగాను. ఆకులన్నీ పీకేశాను. ఖాదర్ భాయ్‌ను మోటారు తిప్పమని, ఆఫీసరును వంగి చూడమని చెప్పి, నా అరికాలు తీసుకెళ్లి జాలీకి ఆనించాను.

కాలికి ఏమీ కాలేదు. కాకపోతే కాలు పట్టని సందులో లుంగీ కొస పట్టింది. పంకా దాన్ని సేమ్యాలా జుర్రుకుంది. నేను లాగాను, అదీ లాగింది. గెలుపు దానిదే. లుంగీ మొత్తం చుట్టుకున్నాక మోటారు దగ్గి ఆగిపోయింది. నేను మెడదాకా నీళ్లలో కూర్చుండిపోయాను.

ఆఫీసరు కంగారుగా కాలెలా ఉందని అడిగాడు. పాదం నీళ్లపైకి ఎత్తి చూపించాను.

"ఒక్క గీత లేదు సార్. జాలీ పాస్."

ఆయన నా పాదం చూశాడు. పంకాకు చుట్టుకున్న లుంగీ చూశాడు.

"కాలికి రక్షణ బాగానే ఉందండీ. మానానికే లేదు."

అంతవరకూ ఏడుపు ముఖంతో ఉన్న ఖాదర్ భాయ్ పడవ ఊగిపోయేలా నవ్వాడు.

ఆఫీసరు ఇంకో అవకాశం ఇచ్చాడు. ఈసారి పంకా చుట్టూ గట్టి రింగు బిగించి, ముందు ఎడంగా కొన్ని తీగలు వేసి, వెనక నీళ్లు పోవడానికి ఖాళీ వదిలాను. పడవ పరుగెత్తింది, ఖాదర్ భాయ్ పని మళ్లీ మొదలైంది. నేను వెనక్కి తగ్గానని మీరనుకోవచ్చు. తగ్గలేదు, తీగలు తగ్గించానంతే.

ఇక మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా లుంగీ కట్టుకుని ఏ పంకాకూ కాలు అడ్డం పెట్టను. ప్యాంటుతో అయితే, ఇప్పుడు రమ్మన్నా వస్తాను.