కారు వాసన, గంగులమ్మ పంతం

గంగులమ్మకు ముక్కు మీదే కోపం. ఆ కోపం లేకపోతే ఆమె ఈపాటికి చెడ్డపేరు మూటగట్టుకుని రాయచోటి దగ్గర తన ఊళ్లో కూర్చుని ఉండేది. నేనూ ఈ కథ రాసేదాన్ని కాదు.

నా పేరు నవీన. మాది జగిత్యాల వైపు. మస్కట్‌లో ఒక ఆస్పత్రిలో నర్సును. ప్రతి శనివారం మా దగ్గరికి మోకాళ్ల వ్యాయామం కోసం ఖురియాత్ నుంచి ఒక ఒమానీ పెద్దావిడ వస్తుంది. ఆమె ఇంట్లో పనిచేసే గంగులమ్మ వెంట వస్తుంది. కారు నడిపేది పెద్దావిడ కోడలు శంసా, బడిలో టీచరు. లోపల వ్యాయామం జరిగే నలభై నిమిషాలూ గంగులమ్మ నా బల్ల పక్కన కుర్చీ వేసుకుని కడప తెలుగులో లోకాన్నంతా ఉతికి ఆరేస్తుంది. వారంలో నేను తెలుగు విని కడుపారా నవ్వేది అప్పుడే.

ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. కువైట్‌లో తొమ్మిదేళ్లు చేసి ఈ ఇంటికి వచ్చింది. చదువు లేదు, ఆస్తి లేదు, ఉన్న గర్వమల్లా శుభ్రతే. రెండు పూటలా తలకు నీళ్లు పోసుకునే మనిషి. దుప్పటి మడత చూస్తే కాగితం మడిచినట్టుంటుంది. "తొమ్మిదేండ్లలో ఒక్క మామా గూడా నన్ను పనిలో యేలెత్తి సూపిచ్చలేదు" అని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మామా అంటే ఇక్కడ ఇంటి యజమానురాలు. అలాంటి మనిషి నుంచి వాసన వస్తోందన్నారు.

అన్నారంటే నోటితో అనలేదు. అదే ఘోరం. గంగులమ్మ ఆ ఇంట్లో చేరిన రెండో నెలలో, సముద్రపు ఉక్క మొదలైన రోజుల్లో, కారులో ఒక ముక్క వాసన పుట్టింది. తడిసిన గోనెసంచిని మూలన పడేసి మరిచిపోతే వస్తుందే, అది. గంగులమ్మ వెనక సీట్లో ఎక్కి తలుపు వేసుకునేది, శంసా ఏసీ వేసేది, వాసన గుప్పుమనేది. వెంటనే గంగులమ్మ వైపు అద్దం కిందికి దిగిపోయేది. ముందు సీట్లోంచి శంసా వేలు మీట నొక్కేది. ఒక్క మాట ఉండదు, వెనక్కి తిరిగి చూడడం ఉండదు. నలభై డిగ్రీల ఎండలో సముద్రపు తేమగాలి గంటసేపు గంగులమ్మ మొహానికి కొట్టేది. మిగతా మూడు అద్దాలూ మూసే ఉండేవి.

పొద్దున్నే కారు అద్దాలకు లోపలివైపు మంచు పట్టినట్టు తేమ పట్టేది. తడిబట్టల మూట కారులో పెట్టావా అని ఒకసారి శంసా అడిగింది కూడా. గంగులమ్మ ఎన్నడూ పెట్టలేదు.

ఆమె చేసిన మొదటి తప్పు, నమ్మడం. తనలోనే ఏదో ఉందనుకుంది. చిన్నప్పటినుంచి రాసుకుంటున్న కొబ్బరినూనె మానేసింది. కూరలో వెల్లుల్లి మానేసింది. ఒంటికి సబ్బు పెట్టి పెట్టి చర్మం పొలుసులు లేపుకుంది. ఎండిపోయిన జుట్టుతో ఒక శనివారం నా ముందు కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను.

"ఏందక్కా, జుట్టు గట్ల చేసుకున్నవ్? జరమొచ్చిందా?"

ఆమె నోరు తెరిచేలోపు నేనొక పని చేశాను. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది. ఏదో ముక్క వాసన తగిలి నా కుర్చీ ఒక జానెడు వెనక్కి జరిపాను. కావాలని చేసింది కాదు, కాలు దానంతటదే నేలను తన్నింది. గంగులమ్మ చూసింది.

"నువ్వు గూడానా నవీనా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు చెప్పింది అంతా, అద్దం సంగతి, నూనె సంగతి. శంసా తనను పంపించేసి వేరే మనిషిని ఇమ్మని మక్తబ్‌కు, అంటే పనివాళ్లను తెప్పించే ఆఫీసుకు, ఫోన్ చేసిందట. పెద్దావిడ చాటుగా చెవిలో వేసింది. ఈ నెలాఖరు దాకానే గడువు. 'శుభ్రత లేదు' అన్న మాట వెంటబడితే ఇంకో ఇంట్లో గడప తొక్కనివ్వరు.

నేను సారీ చెప్పబోయాను. ఆమె విననే లేదు. ముక్కు ఎగబీల్చి, చీర కొంగు వాసన చూసి, మోచెయ్యి వాసన చూసుకుని, ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"నా మింద నుంచి వస్తాంటే నా గదిలో యాల రాదు? నా దుప్పట్లో యాల రాదు? రాత్రంతా నేను ఆ దుప్పట్లోనే గదా పొల్లాడేది! కారు దిగినంకనే వస్తాదా? కారు ఎక్కకముందు యాడికి పోయింటాదమ్మా ఈ కంపు?"

ఆమెకు కోపం వచ్చింది. ఇక నాకు దిగులు లేదు.

మరుసటి శనివారం ఒక ప్లాస్టిక్ కవర్లో ఉతికిన చీర మడిచి తెచ్చుకుంది. వస్తూనే బాత్రూంలోకి వెళ్లి చీర మార్చుకుని నా ముందుకొచ్చి, "చూడు" అంది, డాక్టరు ముందు నిలబడ్డ రోగిలాగా. మెడ దగ్గర, తల దగ్గర ముక్కు పెట్టి మరీ చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. విప్పిన చీర కవరు విప్పితే మాత్రం గోనెసంచి కంపు. ఆ ఇంట్లోవాళ్లంతా ధూపంలో మునిగితేలే మనుషులు కాబట్టి వాళ్ల బట్టల్లో అది బయటపడలేదు. నూనె కూడా రాసుకోని ఈమె ఒంటి మీద బయటపడింది.

"కారుదే!" అంది గంగులమ్మ. "ఇంగ జిలానితో మాట్లాడల్ల."

జిలాని రాయచోటి పిల్లోడు, మస్కట్‌లోనే ఘాలా అనే చోట ఒక గ్యారేజీలో కార్ల ఏసీ మెకానిక్కు. గంగులమ్మ ఊరి వీధిలో పెరిగాడు, ఆమెను అత్తా అంటాడు. అక్కడికక్కడే నా ఫోన్ నుంచి వీడియో కాల్ చేశాం.

"అత్తా, నువ్వు కూసునే తావ కాళ్ల కింద తడిగా ఉంటాదా?" అని అడిగాడు.

గంగులమ్మ తన కాళ్ల వైపు చూసుకుంది. ఆమెకు ఒక అలవాటు ఉంది. యజమాని కారులో చెప్పులు వేసుకుని కూర్చోదు, తలుపు దగ్గరే విడిచి చేత్తో పట్టుకుని ఎక్కుతుంది. ఆ కారులో వట్టికాళ్లతో కూర్చునేది ఆమె ఒక్కతే. మిగతావాళ్ల చెప్పుల కింద ఏముందో వాళ్లకు తెలిసే దారి లేదు.

"సల్లగా ఉంటాది రా. మెత్తగా, సల్లగా. ఏసీ బండి గదా, కింద గూడా ఏసీ పెట్టింటారనుకున్యా!"

జిలాని నవ్వి నవ్వి దగ్గాడు. తర్వాత విడమరిచి చెప్పాడు. ఏసీ గాలిలోని తేమను నీళ్లుగా పిండుతుంది. ఆ నీళ్లు ఒక సన్న పైపులోంచి కారు కిందికి కారిపోవాలి. పైపు పూడుకుపోతే నీళ్లు లోపలికే తిరుగుతాయి, కార్పెట్ కింద మగ్గుతాయి. ఏసీ వేసిన ప్రతిసారీ ఆ కంపు మొహాన కొడుతుంది. అద్దం దించితే బయటి ఉక్క లోపలికొచ్చి ఇంకా తడి పెరుగుతుంది.

"బండి ఆగినాక కింద సూడత్తా. నేల తడిసిందా లేదా. అంతే."

ఆ వారమంతా గంగులమ్మ చేసిన పని అదే. మధ్యాహ్నం మూడింటికి శంసా బడి నుంచి వచ్చేది. పక్కింటి కారూ అదే వేళకు వచ్చి గోడ పక్కన ఆగేది. పక్కింటి కారు కింద చారెడు నీళ్లు నిలిచేవి. వీధిలో తిరిగే మేకలు మూతులు దూర్చి ఆ తడి నాకేవి. మా కారు కింద (ఆ రోజుల్లో గంగులమ్మ నోట అది 'మా కారు' అయిపోయింది) ఇసుక పొడిపొడిగా ఉండేది. ఒక్క మేక కూడా అటు తొంగిచూడలేదు. నాలుగు రోజులు చూసింది. ఐదో రోజు శంసా కారు దిగుతుంటే ఎదురెళ్లింది.

"మామా, రీహా అనా మాఫీ. రీహా సయ్యారా."

వాసన నాది కాదు, కారుది అని. శంసా మొహం ముడుచుకుంది. కారును ప్రతి శుక్రవారం చేత్తో తుడిచే మనిషి. తుడవడమే కాదు, బుఖూర్ ధూపం వేసిన కుంపటి లోపల పెట్టి, తలుపులు మూసి, వాసన మూలమూలకూ పట్టాలని ఏసీ ఫ్యాన్ తిప్పి ఉంచేది. కంపు పెరిగేకొద్దీ ధూపం పెంచింది. అలాంటిదాన్ని పట్టుకుని కారు కంపు అంటే ఎవరికి మాత్రం కోపం రాదు?

గంగులమ్మ వాదించలేదు. లోపలికి పోయి పెద్దావిడను చెయ్యి పట్టుకుని వాకిట్లోకి నడిపించుకొచ్చింది. ముందు మేకలున్న కారు చూపించింది, తర్వాత మేకల్లేని కారు చూపించింది. వెనక తలుపు తీసి, పైన పరిచిన మందపాటి పట్టా ఎత్తి, పెద్దావిడ అరచేతిని కార్పెట్ మీద పెట్టి గట్టిగా నొక్కింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరాయి. పెద్దావిడ ఆ చెయ్యి తీసుకెళ్లి కోడలి ముక్కు కింద పెట్టింది. శంసా రెండడుగులు వెనక్కి వేసింది.

శనివారం ఆస్పత్రి కంటే ముందు కారు ఘాలా వెళ్లింది. నేనక్కడ లేను కానీ గంగులమ్మ పదిసార్లు చెప్పింది కాబట్టి ఉన్నట్టే లెక్క. జిలాని ముందు డ్యాష్‌బోర్డు అర ఊడదీసి లోపలి ఫిల్టర్ బయటికి లాగాడు. తెల్లగా ఉండాల్సింది బొగ్గులా ఉంది. ధూపపు పొగ తడి మీద జిగురుగా పట్టుకుని, దాని మీద దుమ్ము పట్టి, ఆ ముద్దే జారి పైపుకు అడ్డం పడింది. జిలాని కారు కింద దూరి పైపులోకి గాలి కొట్టాడు. భళ్లుమని నల్లటి నీళ్లు అతని మొహం మీద పడ్డాయి. బకెట్ సగం నిండిందట. రెండోసారి చెప్పినప్పుడు నిండు బకెట్ అయింది, నేను అడ్డుచెప్పలేదు.

"మేడమ్, బుఖూర్ ఇంట్లో వేసుకోండి, బట్టలకు పట్టించుకోండి. బండిలో ఫ్యాన్ తిప్పుతా వెయ్యొద్దు" అని జిలాని హిందీలో చెప్పాడు. ఇల్లు రెండు నిమిషాల్లో వస్తుందనగా చల్లదనం ఆపి ఉత్త ఫ్యాన్ తిప్పమన్నాడు, లోపల తడి ఆరడానికి. కార్పెట్ విప్పి రెండు రోజులు ఎండబెట్టమన్నాడు.

ఆ రోజు గంగులమ్మ మా వార్డులోకి నడిచొచ్చిన తీరు చూడాలి. ఆస్పత్రి అని కూడా చూడకుండా ఆ నల్ల ఫిల్టర్‌ను కవర్లోంచి తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇదీ నా కంపు! బాగా సూడు నవీనా. కుర్చీ జరుపుకుంటావేమో జరుపుకో!"

జరపలేదు. ఆ ఫిల్టర్ కంపు పీలుస్తూనే ఆమె చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను. "పోనీలే, నీకు ముక్కుంది గాబట్టి నాకు తెలిసింది" అంది. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

కార్పెట్లు రెండు రోజులు ఖురియాత్ ఇంటి ప్రహరీ మీద ఆరాయి. వాటిని తిరగేసే పని శంసాయే చేసిందట. మూడో రోజు కారులో కూర్చుని, తలుపులన్నీ మూసి, ఏసీ వేసుకుని, దిగి నేరుగా వంటగదికి వచ్చింది. "సామ్హీనీ" అంది. క్షమించమని. ఇక్కడ మర్యాదకు ఎవరైనా 'మాఫీ ముష్కిల్' అంటారు, ఏం పర్లేదని. గంగులమ్మ అనలేదు.

"ఫీ ముష్కిల్ మామా. కతీర్ ముష్కిల్. ఖలాస్" అంది. పర్లేకపోవడమేమిటి, చాలానే కష్టమైంది, ఇప్పుడు అయిపోయింది అని. శంసా తల ఊపి, మక్తబ్‌కు గంగులమ్మ ముందే ఫోన్ చేసి, వేరే మనిషి అక్కర్లేదంది.

తర్వాతి శనివారం పెద్దావిడ చక్రాల కుర్చీని నేనే తోసుకుంటూ కారు దాకా వెళ్లాను. పని ఉండి కాదు, చూడాలని. గంగులమ్మ తలకు మూడు నెలల బాకీ తీర్చుకున్నట్టు కొబ్బరినూనె పెట్టుకుంది. నుదుటి మీదికి కారుతోంది. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, వెనక సీట్లో ఎక్కి, తలుపు వేసుకుంది. అలవాటు పడ్డ చెయ్యి కదా, తన వైపు అద్దం తనే సగం దించేసుకుంది.

శంసా ఏసీ వేసింది. అద్దంలోంచి వెనక్కి ఒకసారి చూసి మీట నొక్కింది. గంగులమ్మ వైపు అద్దం మెల్లగా పైకి లేచి పూర్తిగా మూసుకుంది. నూనె మరక పడుతుందని ఇన్నాళ్లూ సీటుకు వీపు కూడా ఆనించని మనిషి, తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. కారు వెళ్లిపోయాక చూస్తే, అది ఆగిన చోట నేల మీద చారెడు నీళ్లున్నాయి.