కెమెరా దించని పెళ్లికూతురి తండ్రి

జ్ఞానదాసుతో కాపురం చేసి చేసి ఆరోగ్యమ్మకి ప్రాణం విసిగిపోయింది. సీతమ్మధారలో స్టూడియో పెట్టినప్పటినుంచీ ఆ మనిషికి లోకమంతా ఫోటోయే. తన పెళ్లిలో ఉంగరం తొడుగుతూ తొడుగుతూ ఆగి, ఫోటోగ్రాఫరుని వెనక్కి జరగమని కసిరాడు. కూతురు దీనా బాప్తిస్మం రోజున బిడ్డని పాస్టరు చేతుల్లో పెట్టి తాను కెమెరా వెనక్కి పోయాడు. పుట్టినరోజులూ క్రిస్మస్‌లూ అంతే. ఇంట్లో బీరువా నిండా ఆల్బంలున్నాయి గానీ, వాటిని చూసి దీనా తండ్రి ఎవరో కొత్తవాళ్లు చెప్పలేరు.

2003 మే నెలలో దీనా పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు బాబీ వాళ్లకి ఆటోనగర్‌లో వర్క్‌షాపు ఉంది, సరదాలూ ఎక్కువే. పెళ్లి చర్చిలో వద్దని, భీమిలి రోడ్డులో మామిడితోట మధ్యనున్న పాత బంగళాలో స్టైల్‌గా చేద్దామన్నారు. తెల్ల కుర్చీలు, తెల్ల పరదాలు, పచ్చిక మీద ఎర్ర తివాచీ. సముద్రం గాలికి పరదాలు జనం నెత్తిన పడుతున్నాయి. కోట్లు తొడుక్కున్న మగవాళ్లు ఎండకి జడిసి చెట్టు నీడ వదలడం లేదు. వాళ్లని బయటికి లాగడం, మొహాలు చిట్లించారని మళ్లీ నీడలోకి తోలడం, పొద్దున్నుంచీ జ్ఞానదాసుకి ఇదే పని. ఊళ్లో ఫోటోగ్రాఫర్లందరికీ వంకలు పెట్టి తనే కెమెరా పట్టాడు. లైటు తనకి అడ్డమని వీడియో వద్దన్నాడు. చుట్టాలెవరూ కెమెరాలు తేవద్దని ముందే హెచ్చరించాడు కూడా.

అంతవరకూ ఆరోగ్యమ్మ పంటి బిగువున భరించింది. అసలు తంటా తివాచీ దగ్గరొచ్చింది. పెళ్లికూతుర్ని తండ్రే చేయి పట్టుకుని పాస్టరు దాకా నడిపించాలి. జ్ఞానదాసేమో ఆరోగ్యమ్మ తమ్ముడు యోహాన్‌ని పిలిచాడు.

"యోహానూ, నువ్వు నడిపించీ. నాను ముందునుంచి తీత్తాను."

యోహాన్ నవ్వాలో ఏడవాలో తెలీక అక్క వంక చూశాడు. తెల్లగౌనులో చెమటలు కక్కుతున్న దీనా బంగళా మెట్ల మీద కూలబడింది.

"డాడీ వత్తేనే లెగుత్తాను. లేపోతే బాబీని ఇంటికెల్లిపొమ్మనండి."

"నడిపించడానికి ఎవులైతే ఏటి?" అన్నాడు జ్ఞానదాసు. "ఫోటో పోతే మల్లీ వత్తాదా?"

పాటవాళ్లు పాడిన పాటే మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. ఆరోగ్యమ్మ మొగుడి మెడలోంచి కెమెరా లాగేసుకుంది.

"నాను తీత్తాను. మీరు నడండి."

గత్యంతరం లేక ఆయన కూతురి చేయి పట్టుకున్నాడు. పట్టుకున్నాడన్న మాటే గానీ చూపంతా కెమెరా మీదే. "ఆరోగ్యం, కొంచెం వంగు. నిలువుగా పట్టు. దీనా, గెడ్డం ఎత్తు," అని సగం తివాచీ దాటేదాకా ఒకటే సణుగుడు. దీనా తలెత్తి తండ్రి వంక చూసింది. ఆయన చూడలేదు. మళ్లీ చూసింది. బిడ్డ మొహం చిన్నబోవడం ఆరోగ్యమ్మకి కెమెరాలోంచి కనబడుతూనే ఉంది. ఇప్పుడైనా తిరుగుతాడేమో, అప్పుడు నొక్కుదామని ఆగింది. తిరగలేదు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. కెమెరా దించి పక్కనున్న కుర్చీలో పడేసింది.

"నాను తియ్యను. నన్ను సూడకండి, దాన్ని సూడండి."

జ్ఞానదాసు తిట్టడానికే నోరు తెరిచాడు. ఇంతమందిలో తిట్టలేక విసురుగా మొహం పక్కకి తిప్పుకున్నాడు. అక్కడ దీనా ఉంది. పౌడరు చెమటకి కారిపోయి, కళ్లు ఎర్రబడి, తన వంకే చూస్తోంది. ఆయన నడక ఆగిపోయింది.

"ఎప్పుడింత పెద్దదానివైపోనావే అమ్మా," అన్నాడు. మిగతా తివాచీ మీద ఆయన్ని దీనాయే నడిపించింది.

ఆ నడక ఫోటో ఏదని చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. ఈవిడే తియ్యలేదని జ్ఞానదాసు విసుక్కుంటాడు. విసుక్కుని ఊరుకోడు. ఆ రోజు దీనా మొహం ఎలా ఉందో, ఏ కంట ముందు నీళ్లు తిరిగాయో చెప్పుకుపోతాడు. తాను తీసిన ఏ ఫోటో గురించీ ఆయన అంతసేపు మాట్లాడగా ఆరోగ్యమ్మ వినలేదు.