మిరపకాయల పళ్లెం

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని పాఠంగా చెబుతున్నాను. ఇక మోయలేను. నన్ను ఓదార్చాలని మాత్రం చూడకండి. జాలి నాకు పడదు.

గుంటూరులో, పసిపిల్లలు చదివే మా బడిలోనే మాంటిస్సోరి టీచర్లకు శిక్షణ ఇస్తాను. చీమకుర్తి నుంచి సువర్ణ అనే అమ్మాయి నేర్చుకోవడానికి వచ్చింది. నోటి దురుసు. ఏం చెప్పినా ‘ఎందుకండీ?’ అనేది. పిల్లలేమో బెల్లం చుట్టూ చీమల్లా ఆమె చుట్టూ చేరేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ ఆమె అంటే గిట్టదు.

పప్పులు ఏరడం, నీళ్లు వంపడం లాంటి ఇంటిపనులే మా పద్ధతిలో పసిపిల్లలకు పాఠాలు. ఒకరోజు బడి చూడటానికి బయటి నుంచి వచ్చిన పెద్దల మెప్పు కోసం నేను ఎండుమిరపకాయల పళ్లెం కూడా పెట్టాను, తొడిమలు తీయడానికి. మిర్చి యార్డు ఘాటు పీల్చి పెరిగినదాన్ని. ఆ చేయి కంటికి తగిలితే ఏమవుతుందో నాకు తెలియదా? ఘాటు లేని రకమే కదా అని సర్దిచెప్పుకున్నాను.

మూడేళ్ల పాప తొడిమలు తీస్తోంది. సువర్ణ లేవబోయింది. చేయి పట్టుకుని ఆపాను.

“కదలకండి. పిల్ల పనిలో ఉంటే మధ్యలోకి వెళ్లకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఆ చేత్తో కళ్లు నలుపుకుంటుందండీ, మేడం! చేతులన్నా కడగనివ్వండి.”

“గమనించండి. అంతే.”

పెద్దలు చూస్తున్నారు. నా పట్టు వదల్లేదు. అది సూత్రం మీద గౌరవమా, సువర్ణ మాట నెగ్గకూడదన్న పంతమా? పంతమే.

పాప కళ్లు నలుపుకుంది. ఆ ఏడుపుకి వీధిలోవాళ్లు కూడా వచ్చారు. కళ్లు కడిగాం, డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. చూపుకేం కాలేదు. పాప నాయనమ్మ వచ్చి, “పసిబిడ్డ చేతికి మిరపకాయలిచ్చిందెవరే?” అని అరిచింది. నేను సువర్ణ వైపు చూపించాను. ఆమె నోరు తెరిచింది కానీ, ఆ కేకల్లో ఎవరు విన్నారు? కోర్సు పూర్తి కాకుండానే పంపేశాం. తర్వాత ఏ బడిలోనూ ఆమెను చేర్చుకోలేదని విన్నాను. ఆ బడులకు ముందుగా కబురు పంపింది కూడా నేనే.

అంతటితో ఆగానా? నిర్లక్ష్యానికి ఉదాహరణగా ప్రతి బ్యాచ్‌కీ ఆమె కథే చెబుతాను. కొత్తవాళ్లు ‘అయ్యో’ అంటారు. ఆ ‘అయ్యో’ నాకు బాగుంటుంది.

పళ్లెం పెట్టింది నేను. చేయి పట్టుకుంది నేను. రాశాక ఊపిరి కాస్త తేలికైంది, అంతే. సువర్ణకు మాత్రం ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు.